తువ్వాలు కింది ధర

బంగారుపాళ్యం,
జూలై 6.

ప్రేమా,

నీ షరతు ప్రకారమే కాగితం మీద రాస్తున్నాను. షేర్ల సంగతి ఫోన్లో మాట్లాడుకుంటే ఇద్దరం ఒకరినొకరు ఎగదోసుకుంటామని, కలం పట్టుకుంటే మనిషి నిదానంగా ఆలోచిస్తాడని సెలవిచ్చావు. సైకాలజీ లెక్చరరువి, కాదంటే దానికీ ఒక జబ్బు పేరు పెడతావు. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటరు దగ్గరి అమ్మాయి ఏదో కోర్టు వ్యవహారం అనుకున్నట్టుంది, జాలిగా చూసింది. చిత్తూరు హాస్టల్లో నీ బదులు గ్రేసీకి ప్రేమలేఖలు రాసిపెట్టిన చేతికి ఇప్పుడు నాలుగు వాక్యాలు రాసేసరికి నొప్పి పుడుతోంది.

ఈ ఏడు తోతాపురి మామిడిని అడిగేవాడు లేడు. ట్రాక్టర్లు ఫ్యాక్టరీ గేట్ల ముందు రోజుల తరబడి నిలబడ్డాయి. విసిగిపోయి కొందరు కాయను హైవే పక్కన కుమ్మరించి వెళ్ళిపోయారు. పూత చూసి తోటలు కొనేవాణ్ణి, దెబ్బ నాకూ తగిలింది. కుప్పమ్మ తోటే కాస్త నిలబెట్టింది. మొగిలి దారిలో ఉంటుంది, ఒకసారి నిన్ను తీసుకుపోయి నీలం మామిడి కాయలు తినిపించాను. ఆమె భర్త ఉన్నన్నాళ్ళూ ఆయనా నేనూ పాత పద్ధతిలోనే బేరమాడేవాళ్ళం. చేతుల మీద తువ్వాలు కప్పుకుని, లోపల వేళ్ళు పట్టుకుని ధర చెప్పుకునేవాళ్ళం. చుట్టూ ఎంతమంది వ్యాపారులున్నా ఒకడి ధర ఇంకొకడికి తెలియదు. ఎవడి కన్ను ఎంత చెబితే వాడు అంత ఇస్తాడు. మండీలో ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. ఆయన పోయిన మరుసటి ఏడు కుప్పమ్మ తనే చెయ్యి చాపింది. ఊళ్ళో నవ్వినవాళ్ళు నవ్వారు. ఆమె తోట ఇప్పటికీ తువ్వాలు కిందే కొంటాను.

ఈసారి లెక్క తేల్చి డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "నీ కాడే పెట్టుకో నాయనా. నా ఇంట్లో ఉంటే అల్లుడొచ్చి ఎత్తకపోతాడు. పాత బోరు ఎండిపోయిండాది. పిందె పట్టే లోపల కొత్త బోరు ఏపియ్యి, అంతే సాలు" అంది. పూత ఎంత బాగా వచ్చినా పిందెకు తడి లేకపోతే రాలిపోతుంది. జనవరి ఆఖరుకు బోరు వేయించాలి. అందాకా డబ్బు నా దగ్గర ఊరికే పడి ఉంటుంది.

అసలు సంగతి ఇది. మన హైవే మీది హేమఫలం గుజ్జు ఫ్యాక్టరీ షేరు నెల రోజులుగా పెరుగుతూనే ఉంది. కాయ చవకైతే ఫ్యాక్టరీకి లాభమే కదా. మంగలి షాపులో, టీ కొట్టులో అదే మాట. రైతుగా పోయింది షేరులో రాబట్టుకుందామని ఊరంతా కొంటోంది. నువ్వేమంటావు?

నీ ముని

*

తిరుపతి,
జూలై 21.

మునీ,

ప్రేమలేఖల సంగతి గ్రేసీకి చదివి వినిపించాను. అవి నీ రాతలని తెలిసి ఉంటే నిన్నే చేసుకునేదాన్నంది. ముప్పై ఏళ్ళకు నిజం బయటపడింది, ఇక నా గతి చూసుకో.

ఏటా నా క్లాసులో ఒక సీసా నిండా చింతగింజలు పోసి బల్ల మీద పెడతాను. ఎన్ని ఉన్నాయో ఎవరికి వారు చీటీ మీద రాయమంటే, అందరి సగటూ దాదాపు నిజానికి దగ్గరగా వస్తుంది. అదే పైకి చెప్పమంటే, మొదటివాడు ఏ అంకె అంటే మిగతావాళ్ళు దాని చుట్టూనే తిరుగుతారు. ఒక్కడికీ తన కన్ను మీద నమ్మకం ఉండదు. షేర్ మార్కెట్టంటే ఆ రెండో రకం క్లాసే. ఈ ఏడు నీ తువ్వాలు సంగతి కూడా పిల్లలకు చెప్పాను. మీ పెద్దవాళ్ళు సైకాలజీ చదవకుండానే మందు కనిపెట్టారు.

కాబట్టి టీ కొట్టు మాట వినకు. తోట చూసినట్టు ఫ్యాక్టరీని చూడు. నీ కన్ను ఏం చెబితే అది చెయ్యి. ఇంత ఉపన్యాసం ఇచ్చి నేనూ కొన్నాననుకో. రిటైరుమెంటుకని దాచుకున్న దాంట్లోంచి తీశాను. టీ కొట్టు మాట విని కాదు. ఆ గేటు ముందు నుంచి రోజూ బండి మీద పోయేది నువ్వు. ఏదైనా తేడా ఉంటే ముందు నీకే తెలుస్తుందన్న ధైర్యం.

ఒక్క హెచ్చరిక. మనిషిని ముంచేది భయం. ధర నాలుగు రోజులు తగ్గితే కంగారుపడి అమ్మేస్తాం, తర్వాత ఏడుస్తాం. ముందే చెయ్యి కట్టేసుకో. అమ్మాలనిపిస్తే మొదట నాకు రాయి, ఇద్దరం ఆలోచించి చేద్దాం. కుప్పమ్మ డబ్బు మాత్రం ముట్టుకోకు.

ప్రేమానందం

*

బంగారుపాళ్యం,
సెప్టెంబరు 14.

ప్రేమా,

జవాబు ఆలస్యమైంది. నీ ఉత్తరంలో ఆఖరి వాక్యం చూసి కలం పక్కన పెట్టేశాను. అది నాకు చేరేసరికే కుప్పమ్మ డబ్బు కూడా హేమఫలంలో పెట్టేశాను. తిట్టుకో. కానీ తిట్టే ముందు ఇవాళ్టి ధర చూడు. పెట్టినదానికి ఒకటిన్నర రెట్లయింది. బోరు వేయించి, పైన ఆమెకు మోటారు కూడా కొత్తది కొనిపెట్టొచ్చు. ఆమెకు ఇంకా చెప్పలేదు. ఒకేసారి చెప్పి ఆశ్చర్యపరచాలని.

ఇక్కడ జనం ఇప్పుడు పూత గురించి, కాయ గురించి మాట్లాడడం లేదు. ఫ్యాక్టరీ మేనేజరు జయరావు టీ తాగడానికొస్తే పెళ్ళికొడుకు వచ్చినట్టు బెంచీ తుడుస్తున్నారు. ఆయన ఏమీ చెప్పడు, నవ్వుతాడు. ఆ నవ్వుకు అర్థాలు తీసుకుని మళ్ళీ కొంటారు. నేనూ అక్కడే కూర్చుంటున్నాను, నీ దగ్గర దాచడమెందుకు. ఇంట్లో తాయమ్మ రోజూ సతాయిస్తోంది. "సగమన్నా అమ్మేసి ఆయమ్మకు బోరు ఏపిస్తే ఏం పోతాది" అంటుంది. ఆడవాళ్ళ భయం అన్నాను. రెండు రోజులు అన్నం పెట్టి మాట పెట్టలేదు.

వినాయక చవితి ఉత్సవాలకు కాణిపాకం పోయాను. నువ్వు చెయ్యి కట్టేసుకోమన్నావు కదా, అక్కడ ఆ పని చేసి వచ్చాను. ఎలాగో చెబితే నవ్వుతావు, చెప్పను.

ఫ్యాక్టరీ వెనక దారిలో పోతుంటే పుల్లటి వాసన వస్తోంది. సీజను అయ్యాక మామూలే అనుకుంటాను.

నీ ముని

*

తిరుపతి,
నవంబరు 2.

మునీ,

తిట్టను. పెట్టేశావు, పెరిగింది కూడా. ఇప్పుడు తిట్టే ముఖం నాకు లేదు.

దసరా నుంచి ధర జారుతోంది, చూస్తూనే ఉంటావు. పెరిగిన షేరు కొంత దిగడం మామూలే. నేను మొన్న ఇంకొంచెం కొన్నాను కూడా. నువ్వు కదలకుండా కూర్చున్నావంటే నాకు కొండంత ధైర్యం. కంపెనీ కాగితాలు కొన్ని తెప్పించి చదివాను. ప్రత్యేకంగా రాయాల్సిందేమీ లేదు.

ఇంతకీ లారీలు బాగానే తిరుగుతున్నాయా? ఊరికే అడిగాను. గ్రేసీ నిన్ను అడిగినట్టు రాయమంది. ఆమెకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. నాకూ అంతే, వయసు.

ప్రేమానందం

*

బంగారుపాళ్యం,
డిసెంబరు 9.

ప్రేమా,

లారీలు తిరుగుతున్నాయి. రోజూ వస్తున్నాయి.

మనం పెట్టిన ధర కంటే కిందికి పోయింది. టీ కొట్టులో బెంచీ ఖాళీగా ఉంటోంది. జయరావు కారు అద్దాలు ఎక్కించుకుని పోతున్నాడు. ఈసారి చలి బాగా పట్టింది, మామిడికి మంచిది. కుప్పమ్మ తోటలో అప్పుడే మొగ్గ కనబడుతోంది. నిన్న దారిలో ఆపి, "బోరు బండి ఎప్పుడొస్తాది నాయనా, పుత్తూరు నుంచి నీళ్ళు సూసే మనిషిని పిలిపించినాను, నీళ్ళున్న సోట రాయి కూడా పాతించినాను" అంది. సంక్రాంతి కానీ అక్కా అన్నాను.

నీ దగ్గర నుంచి ఒక్క ముక్క కావాలి. నువ్వు అమ్మేశావా? అమ్మేసి ఉంటే నిజం చెప్పు, నేనేమీ అనుకోను. చెబితే నాకు మేలు చేసినవాడివవుతావు.

ముని

*

తిరుపతి,
జనవరి 11.

మునీ,

అమ్మలేదు. ఒక్కటి కూడా అమ్మలేదు. నీ ఉత్తరం వచ్చిన రోజు అమ్మేద్దామని ఫోను తెరిచాను. 'లారీలు తిరుగుతున్నాయి' అని నువ్వు రాసిన వాక్యం మళ్ళీ చదివి మూసేశాను.

ఇప్పుడు అమ్ముదామన్నా కుదరదు. పొద్దున్నే మార్కెట్టు తెరవగానే అమ్మేవాళ్ళు వరసగా నిలబడతారు, కొనేవాడు ఒక్కడూ ఉండడు. ధర ఆ రోజుకు ఎంత పడొచ్చో అంతా పడి ఆగిపోతుంది. మర్నాడు మళ్ళీ అంతే.

నీకు ఒకటి చెప్పాలి. అక్టోబరు ఆఖరులోనే, ఆ ఇంకొంచెం కొన్న మర్నాడు చదివాను. హేమఫలం లెక్కలు చూసే ఆడిటరు ఏడాది మధ్యలో తప్పుకున్నాడు. కారణం రాయలేదు. ఆ కాగితం రెండుసార్లు చదివాను. అమ్మెయ్యాలని అప్పుడే తెలిసింది మునీ. అనుమానం కాదు, తెలిసింది. నీకు రాయడానికి కూర్చుని, 'ప్రత్యేకంగా ఏమీ లేదు' అని రాశాను. నిన్ను భయపెట్టడం ఎందుకనుకున్నాను. ఫ్యాక్టరీ ఎదురుగా ఉన్న మనిషే నిమ్మళంగా ఉంటే, తిరుపతిలో కూర్చుని ఒక కాగితం చూసి నేను గంతులెయ్యడమేమిటని సిగ్గేసింది. నా కన్ను కంటే నీ కన్నే గొప్పదనుకున్నాను. అంతే జరిగింది.

కుప్పమ్మ బోరు సంగతి తలుచుకుంటే అన్నం సహించడం లేదు.

ప్రేమానందం

*

బంగారుపాళ్యం,
జనవరి 19.

ప్రేమానందం,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివి దాన్ని చింపేద్దామనుకున్నాను.

లారీలు తిరిగాయి, అబద్ధం కాదు. అవి ఏం మోసుకొచ్చాయో నువ్వు అడగలేదు, నేను రాయలేదు. చెన్నై ఓడరేవు నుంచి వెనక్కి వచ్చిన డ్రమ్ములు. కిందటేటి గుజ్జు. విదేశాలకు పంపితే పనికిరాదని తిప్పి పంపారు. ఫ్యాక్టరీ వెనక ప్రహరీ ఎత్తున పేర్చారు. ఎండకు ఉబ్బి మూతలు లేచిపోయాయి. ఆ పుల్లటి వాసన అదే. ముప్పై ఏళ్ళుగా కాయతో బతుకుతున్నవాణ్ణి, చెడిపోయిన గుజ్జు వాసన నాకు తెలియదా? సెప్టెంబరులోనే ముక్కుకు తెలిసింది. కంపెనీ లెక్కలు చదివేవాడివి, పెద్ద చదువు చదివినవాడివి, నువ్వే ఇంకా కొంటున్నావంటే ఆ డ్రమ్ములకు ఇంకేదో లెక్క ఉంటుందనుకున్నాను. పల్లెటూరి ముక్కును నమ్మి నీ ముందు నవ్వులపాలు కావడమెందుకని ఊరుకున్నాను.

కాణిపాకంలో ఏం చేశానో ఇప్పుడు విను, నవ్వాలంటే నవ్వు. స్నానం చేసి, తడి బట్టలతో స్వామి ముందు నిలబడి ప్రమాణం చేశాను. ప్రేమానందం అమ్మమనేదాకా హేమఫలం షేరు ఒక్కటి కూడా అమ్మనని. ఆ స్వామి ముందు మాట తప్పినవాడు బాగుపడడని మా ఇళ్ళల్లో నమ్ముతాం. దొంగలు కూడా అక్కడికి రమ్మంటే నేరం ఒప్పుకుంటారు. నువ్వు చెయ్యి కట్టేసుకోమంటే, నాకు తెలిసిన తాడు అదొక్కటే, దాంతో కట్టుకున్నాను. చర్చికి పోయేవాడివి, సైకాలజీ వాడివి, నీకు చెబితే ఎగతాళి చేస్తావని దాచాను.

డిసెంబరులో నిన్ను అమ్మేశావా అని అడిగింది అందుకే. 'అమ్మెయ్యి' అని నువ్వు ఒక్క మాట రాసి ఉంటే నా ప్రమాణం తీరిపోయేది. అప్పటికి బోరుకు సరిపోయేంత మిగిలి ఉంది. నీ జవాబు కోసం నెల రోజులు పోస్టుమాన్ దారి చూశాను. ఫోను చేసి అడగాల్సింది. షేర్ల సంగతి ఫోన్లో వద్దన్న నీ షరతుకు కట్టుబడి కూర్చున్నాను, చూడు నా తెలివి.

మొన్న ఫ్యాక్టరీ గేటుకు బ్యాంకువాళ్ళు తాళం వేశారు. జయరావు ఊళ్ళో లేడు. తోటలకు అడ్వాన్సులు ఇవ్వడానికి నా దగ్గర కూడా ఏమీ మిగలలేదు. ఈ ఏడు పూత నా జన్మలో చూడనంత బాగా వచ్చింది. కుప్పమ్మ తోటలో ఆకు కనబడడం లేదు. రోజూ ఆ దారి తప్పించి చుట్టూ తిరిగి ఇంటికి వస్తున్నాను.

మునిచంద్ర

*

తిరుపతి,
జనవరి 27.

మునీ,

నవ్వలేదు. గ్రేసీ ఉత్తరం చదివి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

నువ్వు నన్ను తిట్టకపోయినా బాగుండేది కాదు, తిట్టినా బాగోలేదు. ఇన్నేళ్ళు పిల్లలకు ఏం చెప్పానో అది నాకు రాలేదు. పైకి అరిచే గుంపు అయితే కనిపెట్టేవాణ్ణి. ఇద్దరే ఉన్న గుంపు, అదీ స్నేహితుడే అయితే, గుంపని తెలియలేదు. ఈ సెమిస్టరులో వచ్చిన కొత్త క్లాసుకు చింతగింజల సీసా తీసుకుపోలేకపోయాను.

పంపడానికి నా దగ్గరా ఏమీ లేదు. ఉన్నదల్లా అందులోనే ఉంది. ఒక్కటి మాత్రం తోస్తోంది. కుప్పమ్మ దగ్గరికి వెళ్ళు. దాక్కోకు. జరిగింది చెప్పు. నీ దగ్గర డబ్బు పోయింది, కన్ను పోలేదు కదా. ఆ పూత ఎంత చేస్తుందో నీకంటే బాగా చెప్పగలిగినవాడు ఆ చుట్టుపక్కల లేడు. ఆమె వేరే వ్యాపారికి పూత మీదే అమ్మేసుకుంటే, సరైన ధర వస్తే బోరు ఆమే వేయించుకోగలదు. ధర చెప్పి ఆమె మోసపోకుండా చూడు. నువ్వు తీర్చగలిగింది ఆ రూపంలోనే ఉందనిపిస్తోంది. ఇది కూడా నా మాటే, కాబట్టి నీకే వదిలేస్తున్నాను.

ప్రేమ

*

బంగారుపాళ్యం,
ఫిబ్రవరి 8.

ప్రేమా,

వెళ్ళాను. నువ్వు చెప్పావని కాదు, తాయమ్మ బండి తాళం చేతిలో పెట్టి, "పోకుంటే నేనే పోయి సెప్తా" అంది.

కుప్పమ్మ చెట్టు కింద కూర్చుని ఉంది. చెప్పాను, అంతా చెప్పాను. ప్రమాణం సంగతి, నీ సంగతి, వాసన సంగతి కూడా. ఆమె తిట్టలేదు, ఏడవలేదు. పూత వైపు చూసి, "అల్లుడు ఎత్తకపోతాడని నీ కాడ పెట్టినాను గదా" అంది. అంతే అంది. నా జన్మలో ఇంతకంటే పెద్ద తిట్టు తినలేదు.

కాసేపటికి మోహన్ వచ్చాడు. మా మండీలో కొత్తగా వ్యాపారం పెట్టిన కుర్రాడు, ఆమే కబురు చేసిందట. తోటంతా తిరిగి చూసి ఒక ధర చెప్పాడు. కుప్పమ్మ అతనికి జవాబు చెప్పకుండా నా వైపు తిరిగింది. నా భుజం మీది తువ్వాలు తనే తీసుకుంది. మా ఇద్దరి చేతుల మీదా కప్పింది. "దుడ్డు పోతే పోయినాది. నీ కన్ను యాడికీ పోలే గదా. ఈ పూత ఎంత జేస్తాదో సెప్పు నాయనా, నువ్వెంతంటే అంతకే అమ్ముతా" అంది.

నువ్వు రాసిన మాటే. ఆమెకెలా తెలిసిందో.

తోట వైపు చూశాను. ప్రేమా, నీకు ఎలా చెప్పాలి. ఇన్నేళ్ళూ తోట మొదట్లో నిలబడి ఒకసారి చూస్తే లోపలి నుంచి అంకె దానంతటదే వచ్చేది. ఆలోచించి చెప్పింది ఎప్పుడూ లేదు. ఇప్పుడు చూస్తే పూత కనబడుతోంది, అంకె రావడం లేదు. ఒకటి అనుకుంటాను, వెంటనే కాదేమో అనిపిస్తుంది. గట్టిగా చెబితే, బేరం చెడి మోహన్ పోతే, ఇంకెవడూ రాకపోతే? తడి లేక పిందె రాలిపోతే? తక్కువ చెబితే మళ్ళీ నేనే ఆమెను ముంచినట్టు. తువ్వాలు కింద ఆమె చెయ్యి నా వేళ్ళ కోసం కాచుకుని ఉంది. కష్టం చేసి చేసి గట్టిపడిపోయిన చెయ్యి. నా వేళ్ళు కదల్లేదు.

అప్పుడు నేనేం చేశానో తెలుసా. మోహన్ వైపు తిరిగి, "పక్క తోటలు ఎంతకు పోతుండాయప్పా?" అని అడిగాను.

మా నాయన బతికి ఉంటే ఆ మాటకు నన్ను మండీలోంచి గెంటేసేవాడు. మోహన్ కూడా ఒక్క క్షణం నమ్మలేనట్టు చూశాడు. తర్వాత ఏదో అంకె చెప్పాడు, అతను ఇవ్వజూపినదాని కంటే కొంచెం తక్కువే చెప్పాడు. కుప్పమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. తువ్వాలు మడిచి నా భుజం మీద వేసింది. మోహన్‌తో "నీ మాటే కానీలే అబ్బయ్యా" అంది. అడ్వాన్సు అక్కడే కొంగున కట్టుకుంది. అది బోరుకు చాలదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. నీళ్ళు చూసే మనిషి పాతిన రాయి చుట్టూ ఎవరో పసుపు కూడా రాశారు.

ఇంటికొచ్చి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. మోహన్ ఇచ్చిన ధర తక్కువో ఎక్కువో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. నాలుగెకరాలు, చెట్లు ముదురువి, పూత కింది కొమ్మల దాకా ఉంది, మంచు పెద్దగా పడలేదు. నీకేమనిపిస్తోంది ప్రేమా, ఎంత చేస్తుందంటావు?

ముని